కాల్వ కట్ట మీద సైకిల్: డ్యూటీకి పోయే దారిలో ముళ్లు, బురద, బర్రెలు

మూడేళ్ల కింద వానాకాలంలో ఒక పొద్దున సైకిల్‌ను భుజాన వేసుకొని బురదలో నడుస్తుంటే ఎదురొచ్చిన మేకల తాత ఆగి, కిందికీ మీదికీ చూసి, "సైకిల్ మీద నువ్వు పోవాలె గానీ, నీ మీద సైకిల్ పోతున్నదేంది బిడ్డా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి డ్యూటీకి సైకిల్ మీద పోవడం మొదలుపెట్టి రెండు నెలలే అయింది, రేగడి మీద వాన పడిన మర్నాడు అటు పోకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు నేను.

మాది వేములపల్లి మండలంలో ఒక ఊరు. మిర్యాలగూడ శివారులో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మెయిన్ రోడ్డు మీద పోతే 12 కిలోమీటర్లు, లారీల పక్కన ప్రాణం అరచేతిలో పెట్టుకొని పోవాలి. కాల్వ కట్ట, బండ్ల బాట కలుపుకొని పోతే 9 కిలోమీటర్లు, మధ్యలో తారు రోడ్డు రెండు కిలోమీటర్లే. 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మూడేళ్లుగా ఇలాగే పోతున్నాను, ఈ మూడేళ్లలో చేసిన తప్పులన్నీ కలిపితే ఈ మార్గదర్శి అయింది. నల్లగొండ జిల్లాలోనే కాదు, మహబూబ్‌నగర్ వైపు చెల్కల్లో తొక్కేవాళ్లకు కూడా చాలా వరకు పనికొస్తుంది. వాళ్లకు కాల్వ గొడవ కాస్త తక్కువ, రాళ్ల గొడవ ఎక్కువ.

ముందు బాట చూసుకోండి, సైకిల్ సంగతి తర్వాత

అందరూ ముందు సైకిల్ కొంటారు. తప్పు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే మీరు పోదామనుకునే బాట మొత్తం నడిచి రండి, లేదా ఎవరిదైనా పాత సైకిల్ అడిగి తీసుకొని మెల్లగా పోయి రండి. ఫోన్లో శాటిలైట్ మ్యాపు చూస్తే కాల్వ కట్ట నీట్‌గా గీత గీసినట్టు కనిపిస్తుంది. కట్ట ఎక్కడ తెగిందో, ఏ రైతు ముళ్లకంప అడ్డం వేశాడో, తూము దగ్గర మెట్లు ఎన్ని దిగాలో అందులో కనిపించదు. నేను మ్యాపు నమ్మి పోయిన మొదటి రోజు, బాట నేరుగా ఒక బత్తాయి తోట గేటు ముందు ఆగిపోయింది. గేటుకు తాళం, లోపల కుక్క.

బాట ఎవరిదో కూడా కనుక్కోండి. ఊరి నక్షలో ఉన్న బాట అయితే, అంటే మనవాళ్లు నక్ష బాట అనేది, అందరూ తిరగొచ్చు. కొన్ని బాటలు మాత్రం ఎవరిదో పట్టా భూమిలోంచి అలవాటు కొద్దీ పడినవి, ఆయన ఈ ఏడు ఊరుకుంటాడు, వచ్చే ఏడు దున్నేస్తాడు. ఒకసారి ఆగి "పటేలా, ఇట్ల రోజూ సైకిల్ మీద పోతా, ఏమన్నా ఇబ్బందా?" అని అడిగితే సరిపోతుంది. ఎవరూ వద్దనలేదు నన్ను. అడగకుండా పోతే మాత్రం మూడో రోజు కంప పడుతుంది. కాల్వ కట్ట నీటిపారుదల శాఖది. లస్కర్, అంటే కాల్వ తూములు చూసుకునే మనిషి, కనిపిస్తే పలకరించండి, ఆయనతో స్నేహం ఎందుకు మంచిదో తర్వాత చెప్తాను.

నడిచేటప్పుడు నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోవాలి. నీడ ఎక్కడుంది, తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, పంచర్ షాపు ఎంత దూరం, కట్ట మీంచి తారు రోడ్డుకు తప్పుకునే అడ్డదారి ఎక్కడెక్కడ ఉంది. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. నా దారిలో అలాంటివి మూడున్నాయి, వాటి మధ్య దూరం ఎక్కడా మూడు కిలోమీటర్లు దాటదు, కాబట్టి ఏం జరిగినా నడిపించుకుంటూ పోతే అరగంటలో ఆటో దొరికే చోటికి చేరతాను.

ఇంకోటి. బాట ఒక్కటే అనుకోకండి. జూన్లో చూసిన బాట, నవంబర్లో చూసే బాట, ఏప్రిల్ బాట వేర్వేరు. నా దగ్గర ఏడాదికి మూడు దారులున్నాయి, కాలాన్ని బట్టి మారుస్తాను. ఒకే దారి పట్టుకొని ఏడాదంతా పోతానని మొండికేసిన వాళ్లే రెండు నెలల్లో సైకిల్ అటక మీద పెడతారు.

ఎలాంటి సైకిల్

గేర్ల సైకిల్ వద్దు. చాలామంది ఒప్పుకోరు కానీ నా మాట అదే. మన వైపు కాల్వ కట్టలు చదునుగా ఉంటాయి, కాల్వే నీళ్లు మెల్లగా పారేలా వాలు చూసి తవ్వింది కదా, దాని పక్కన ఎక్కడానికి ఎత్తులేముంటాయి? గేర్లు ఉంటే దుమ్ము, ఎండుగడ్డి వెనక చక్రం దగ్గర చేరి చైను జారుతూ ఉంటుంది, బాగుచేసేవాడు పల్లెలో దొరకడు. ముందు షాక్ అబ్జార్బర్లు ఉన్న చవక సైకిళ్లు ఇంకా వద్దు, బరువు తప్ప లాభం లేదు.

మా నాన్న నల్ల సైకిల్ మీద నాకు ప్రేమే, బస్తా వేసినా చెక్కుచెదరదు, కానీ అది 20 కిలోల దాకా ఉంటుంది, పైగా స్టీలు రిమ్ములు, కడ్డీ బ్రేకులు. వాన పడి రిమ్ము తడిస్తే ఆ బ్రేకు పట్టుకున్నా పట్టనట్టే. నేను తీసుకున్నది 26 అంగుళాల చక్రాలు, 1.95 వెడల్పు టైర్లు, గేర్లు లేని మామూలు సైకిల్, అదీ సెకండ్ హ్యాండ్. చైను కవరు ఉన్నది చూసుకోండి, ప్యాంటు అయినా చున్నీ అయినా చైనులో పడితే ఆ రోజు పోయినట్టే. వెనక క్యారియర్ తప్పనిసరి.

సీటు ఎత్తు సంగతి ఒక్క ముక్కలో: సీటు మీద కూర్చొని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా చాపినట్టు ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది. మనవాళ్లు భయంతో సీటు మరీ కిందికి దించుకొని, నెల తిరగకుండా మోకాళ్ల నొప్పులని సైకిల్‌ను తిడతారు.

పంచర్: ఇది నేర్చుకోకపోతే మిగతావి చదవడం దండగ

మన బాటల్లో ఇద్దరు శత్రువులు. ఒకటి సర్కారు తుమ్మ. కాల్వ కట్ట పొడవునా అదే, కట్టెల కోసం కొట్టుకుపోయినప్పుడు కొమ్మలు బాట మీద పడి ఉంటాయి, ఆ ముల్లు మోటారు సైకిల్ టైరునే వదలదు. రెండోది పల్లేరుకాయ. వానాకాలం పోయాక నేల మీద పాకి ఎండిన పల్లేరు కనిపించదు, కానీ సైకిల్ ఆపి టైరు తిప్పి చూస్తే ఆవాలు చల్లినట్టు నాలుగైదు గుచ్చుకొని ఉంటాయి. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ఏం తయారీ అది!

ముందు జాగ్రత్తగా ఒక పని చేయించుకోండి. పాత ట్యూబును నిలువుగా కోసి, వాల్వు ముక్క తీసేసి, టైరుకూ ట్యూబుకూ మధ్య పరిస్తే చిన్న ముళ్లు లోపలి దాకా రావు. మా పంచర్ షాపు తాత పది నిమిషాల్లో చేసిచ్చాడు. సైకిల్ కొంచెం బరువు అనిపిస్తుంది, అయినా వారానికి రెండు పంచర్ల నుంచి నెలకు ఒకటికి తగ్గింది నాకు.

ఇక పంచర్ పడ్డాక. వెంటనే ముల్లు పీకకండి. షాపు కిలోమీటరు లోపే ఉంటే, ముల్లు ఉన్నచోటే ఉంచి గాలి కొట్టుకుంటూ పోవచ్చు, చాలాసార్లు ముల్లే బిరడాలా పనిచేస్తుంది. షాపు దూరమైతే నీడ చూసుకొని కూర్చోండి.

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి. చక్రం విప్పాల్సిన అవసరం లేదు, పంచర్ షాపులో ఎప్పుడైనా విప్పగా చూశారా? ముల్లు ఎక్కడుందో కనిపిస్తే పెన్నుతో టైరు పక్కన గీత పెట్టుకొని అప్పుడు పీకండి. మిగిలిన గాలి తీసేసి, టైరును రెండు చేతులా నొక్కి వదులు చేసి, వాల్వుకు ఎదురు వైపు నుంచి లివర్ (టైరు అంచు లేపే చిన్న పట్టీ) పెట్టి లేపండి. లివర్ లేకపోతే టిఫిన్ బాక్సులోని స్టీలు చెంచా కాడ సరిపోతుంది, స్క్రూడ్రైవర్ మాత్రం వాడకండి, ఉన్న బొక్కకు తోడు ఇంకోటి పడుతుంది. ఒక వైపు అంచు మాత్రమే బయటికి తీసి, ట్యూబు లాగి, గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకొని తిప్పండి. గాలి తగిలిన చోట ఉమ్మి రాస్తే బుడగ వస్తుంది. టిఫిన్ మూతలో నీళ్లు పోసి ముంచినా అంతే.

బొక్క దొరికాక దాని చుట్టూ పెన్నుతో పెద్ద ప్లస్ గుర్తు వేయండి, చిన్నది వేస్తే గరుకు కాగితం రుద్దినప్పుడు చెరిగిపోయి మళ్లీ మొదటికొస్తారు. పూర్తిగా గాలి తీసి, తడి తుడిచి, ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర రబ్బరు మెరుపు పోయేదాకా రుద్దండి. సొల్యూషన్ పలచగా పూయండి. ఇప్పుడు ఆగాలి. అందరూ పోగొట్టుకునేది ఇక్కడే. తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తే ఊరు చేరేలోపు ఊడుతుంది. ఎండాకాలమైతే మూడు నిమిషాలు, వానాకాలమైతే ఐదారు నిమిషాలు, వేలి వెనక భాగంతో తాకితే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి, మధ్య నుంచి అంచులకు చెంచా వెనక భాగంతో గట్టిగా రుద్దండి.

ట్యూబు లోపల పెట్టే ముందు టైరు లోపలంతా చేత్తో తడిమి చూడాలి, వేలికి గుడ్డ చుట్టుకొని, రెండు దిక్కులా. నేనొకసారి ఇది మర్చిపోయి, ప్యాచ్ వేసిన రెండు వందల గజాల్లో అదే ముల్లుతో, ప్యాచ్ పక్కనే ఇంకో పంచర్ చేసుకున్నాను. ఆ రోజు మిల్లులో "లేటెందుకైంది?" అని అడిగితే పంచర్ అన్నాను, "నిన్న కూడా అదే చెప్పినవ్ కదా" అన్నారు. నిజం చెప్పినా నమ్మరు.

ట్యూబు పెట్టాక వాల్వు నిటారుగా ఉందో లేదో చూసి, అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలగలేదని చుట్టూ చూసుకొని, సగం గాలి కొట్టి, ఒకసారి చక్రం తిప్పి చూసి, తర్వాత నిండా కొట్టండి.

ముల్లు దొరకలేదు, కానీ ట్యూబులో పక్కపక్కనే రెండు బొక్కలున్నాయి, పాము కాటు వేసినట్టు. అంటే ముల్లు కాదు, గాలి తక్కువై రాయి ఎక్కినప్పుడు ట్యూబు రిమ్ముకు నొక్కుకుపోయింది. దానికి మందు గాలే. టైరు పక్కన అచ్చు వేసిన అంకె దాటకుండా కొట్టుకోవాలి, నా బరువు 70 కిలోలు, కట్ట మీద 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర పెట్టుకుంటాను. పెట్రోల్ బంకులో కొట్టించుకుంటే జాగ్రత్త, ఆ కంప్రెసర్ లారీ టైర్ల కోసం పెట్టింది, కాస్త ఆదమరిస్తే సైకిల్ ట్యూబు ఢామ్మంటుంది. కొంచెం కొంచెంగా కొట్టి వేలితో నొక్కి చూసుకోండి.

పాత రకం వాల్వు, అంటే లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉండేది మీ సైకిల్‌కు ఉంటే, ఎండాకాలంలో ఆ రబ్బరు ఎండి గాలి దిగిపోతుంది, పంచర్ అనుకొని ట్యూబంతా వెతుక్కుంటారు. ముందు వాల్వు మీద ఉమ్మి రాసి చూడండి. వేలెడంత వాల్వు రబ్బరు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

సంచిలో ఏముండాలి, అది ఎలా కట్టాలి

చిన్న గాలి పంపు, ప్యాచులు, సొల్యూషన్ (ఒకసారి మూత తీశాక నెలకే ఎండిపోతుంది, చూసుకుంటూ ఉండాలి), గరుకు కాగితం, రెండు లివర్లు, చక్రం నట్టుకు సరిపోయే పానా, పాత గుడ్డ, లీటరు నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక జత బట్టలు. ఇంతే. ఇంతకంటే ఎక్కువ పెడితే అది తొక్కడం కాదు, మోయడం అవుతుంది.

కట్టడానికి క్యారియర్ క్లిప్పును నమ్మొద్దు. ఇది నేను అనుభవించి చెప్తున్నాను. మా మేజరు కాల్వ, అంటే పెద్ద కాల్వ నుంచి చీలిన పాయ, నిండుగా పారుతున్న రోజులు, సెప్టెంబరు. కట్ట మీద ఒక గుంతలో చక్రం పడగానే వెనక టంగుమని శబ్దం, తిరిగి చూస్తే నా స్టీలు క్యారియర్ డబ్బా, మూడు గిన్నెలది, కట్ట వాలు మీద దొర్లుకుంటూ పోయి కాల్వలో పడింది. మునుగుతుందనుకున్నాను. మునగలేదు, మూతలు గట్టిగా ఉండేసరికి పడవలా తేలి నాకంటే ముందు మిర్యాలగూడ వైపు బయలుదేరింది. నేను కట్ట మీద సైకిల్ తొక్కుకుంటూ దాని పక్కనే, అది నీళ్లలో, అలా అరకిలోమీటరు పోయాక తూము దగ్గర లస్కర్ కనిపించాడు. "అన్నా, డబ్బా! డబ్బా!" అని అరిస్తే ఆయనకు ముందు అర్థం కాలేదు, తర్వాత చెత్త లాగే కొక్కెం కర్రతో పట్టి ఒడ్డుకు లాగాడు. మూత తీసి చూస్తే పప్పు పప్పులాగే ఉంది, అన్నంలోకి కాసిని నీళ్లు పోయాయి. అప్పటి నుంచి పాత ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసిన పట్టీతో కట్టుకుంటున్నాను, దాన్ని మించిన తాడు లేదు.

ఈ కథలో నవ్వుకోని ముక్క ఒకటుంది. డబ్బా కోసం కాల్వలోకి దిగుదామని ఒక్క క్షణం నాకు అనిపించింది. ఎప్పుడూ దిగకండి. సిమెంటు లైనింగ్ చేసిన కాల్వ వాలుకు నీటి మట్టం దగ్గర పాచి పట్టి ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఈతొచ్చినవాళ్లు కూడా ఎక్కలేక కొట్టుకుపోతారు. బురద కాళ్లు కడుక్కోవడానికి కూడా తూము మెట్ల దగ్గరే తప్ప వాలు మీద దిగొద్దు. సైకిలే పడినా సరే, పోతే పోనీయండి.

ఏ కాలంలో ఏ బాట

వానాకాలం. సాగర్ ఎడమ కాల్వకు లాల్ బహదూర్ కాల్వ అని పేరుంది, 1967లో నీళ్లొచ్చాయి, మా దగ్గర ఆ పేరుతో ఎవరూ పిలవరు, సాగర్ కాల్వ అంతే. ఆ నీళ్లతో ఇక్కడ ఎక్కడ చూసినా వరి. వరి అంటే బురద, కేజ్ వీల్ (దమ్ము చేసే ఇనుప చక్రాల) ట్రాక్టర్లు మడిలోంచి నేరుగా బాట మీదికి ఎక్కి మట్టి పెళ్లలు రాలుస్తూ పోతాయి. మొరం పోసిన కట్ట వాన ఆగిన రెండు మూడు గంటల్లో తొక్కడానికి వస్తుంది, చెల్క నేల ఎర్రమట్టి కూడా మర్నాటికి ఆరుతుంది. రేగడికి మాత్రం రెండు మూడు రోజులు కావాలి. తెలుసుకునే గుర్తు: బాట మీద ట్రాక్టరు టైరు అచ్చులు చూడండి. అచ్చు గోడలు నూనె రాసినట్టు మెరుస్తుంటే వెనక్కి తిరగండి. అంచులు పొడిబారి, కాలితో తన్నితే పెళ్లగా విరిగితే పోవచ్చు.

తిరగకపోతే ఏమవుతుందంటే, పది చుట్లు తిరిగేలోపు మట్టి టైరుకూ మడ్గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రం ఆగిపోతుంది. బలంగా తొక్కితే చైను తెగుతుంది. దిగి, బాట పక్క గడ్డి మీద నడిపించండి, మట్టిని పుల్లతో అప్పటికప్పుడే తీసేయండి, ఎండితే ఇటుకే. మేకల తాతకు నేను కనిపించింది సరిగ్గా ఈ స్థితిలోనే. వానాకాలం మూడు నెలలు నేను ముందు మడ్గార్డు విప్పేస్తాను, చొక్కా మీద చుక్కలు పడితే పడనీ.

కోతల కాలం, అంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు, మళ్లీ ఏప్రిల్, మే. దుమ్ము ఒక ఎత్తు, వడ్లు ఒక ఎత్తు. రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పెడతారు. పగలు కనిపిస్తాయి, చీకటి పడ్డాక నల్ల పట్టా కప్పిన కుప్ప, దాని పక్కన నల్ల రాయి. ఒకసారి ఆ రాయికి ముందు చక్రం తగిలి నేను వడ్ల కుప్ప మీద పడ్డాను. మెత్తగానే పడ్డాననుకోండి, కానీ రైతు పరుగెత్తుకొచ్చి ముందు వడ్లు చూసుకున్నాడు, తర్వాత నన్ను. తప్పేం లేదు, ఆరు నెలల కష్టం అది. వడ్ల మీదుగా ఎప్పుడూ తొక్కకండి, గింజలు గోళీల్లా జారతాయి, మర్యాద కూడా కాదు.

ఈ కాలంలోనే మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి, సందు దొరికింది కదా అని ట్రాలీకీ ట్రాలీకీ మధ్య దూరకండి, డ్రైవరుకు మీరు కనిపించరు. మిల్లుల దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఊక బూడిద ఉంటుంది, కంట్లో పడితే మంట, రుద్దితే ఇంకా మంట. తెల్ల అద్దాల కళ్లజోడు ఒకటి పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది, సాయంత్రం పురుగులకు కూడా. కోత అయ్యాక కొందరు వరి కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు, పొగ కట్ట మీదికి వస్తే అందులోంచి పోవద్దు, అవతల ఏముందో తెలియదు.

చలికాలం హాయి. డిసెంబరు, జనవరిలో కాల్వ మీద మంచు పడుతుంది, సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టుకోండి. టార్చి అయినా సరే, ట్యూబు పట్టీతో హ్యాండిల్‌కు కట్టేయొచ్చు.

ఎండాకాలం పొద్దున ఆరింటికే బయలుదేరాలి, ఏడున్నరకు నీడలో ఉండాలి. సాయంత్రం ఐదుకు ఎండ తగ్గినట్టు కనిపిస్తుంది కానీ నేల నుంచి సెగ కొడుతూనే ఉంటుంది, ఆరు దాకా ఆగండి. తలకు తువ్వాల, దాని మీద హెల్మెట్. చెమట ఆగిపోయి, తల దిమ్మెక్కి, మాట తడబడితే అది వడదెబ్బ, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోకుండా దిగి నీడకు పోయి, తడి గుడ్డ వేసుకొని 108కి ఫోన్ చేయండి.

తొక్కడంలో రెండు మూడు కిటుకులు

కంకర, ఇసుక మీద ముందు బ్రేకు మలుపులో పట్టారంటే పడతారు. నేను రెండుసార్లు, అదే మలుపులో. మలుపుకు ముందే వేగం తగ్గించి, వెనక బ్రేకుతో మెల్లగా తిరగండి. తారు రోడ్డు మీద దీనికి రివర్స్, అక్కడ సైకిల్‌ను నిజంగా ఆపేది ముందు బ్రేకే, రెండూ కలిపి పట్టాలి. ఇసుక మేటలో పడితే హ్యాండిల్ తిప్పకండి, గట్టిగా బిగబట్టకండి, తొక్కుతూనే ఉండండి, ఆగితే కూరుకుపోతుంది. కట్ట మీద ఎప్పుడూ కాల్వకు దూరంగా ఉన్న అంచునే పోవాలి. ఎదురుగా ట్రాక్టరు వస్తే దిగి నిలబడటమే, ఆ పది సెకన్లకు పోయేదేమీ లేదు.

కుక్కలు, బర్రెలు, పాములు, కరెంటు తీగలు

మోటారు కొట్టం దగ్గర కుక్క ఉంటుంది. అది మిమ్మల్ని కాదు, తిరిగే కాళ్లను చూసి వస్తుంది. వేగం పెంచితే దానికి పండగ. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టి, మెల్లగా నడవండి, నాలుగు అడుగుల్లో దానికి ఆసక్తి పోతుంది. నా దారిలో ఉన్న ఎర్ర కుక్కకు వారం రోజులు రెండేసి బిస్కెట్లు వేశాను, ఇప్పుడు వెంటపడుతుంది కానీ బిస్కెట్ల కోసం. కరిస్తే మాత్రం పసుపు, కారం లాంటివి పెట్టొద్దు. పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టాలి, వాళ్లు చెప్పిన తేదీలకు అన్ని డోసులూ వేయించుకోవాలి, మొదటి రెండు వేయించుకొని మానేసేవాళ్లు చాలామంది.

బర్రెల మంద సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య ఇళ్లకు వస్తుంది. బెల్లు కొడితే తల కూడా తిప్పవు. ఆగి పక్కకు నిలబడితే వాటంతటవే రెండు పాయలై పోతాయి, దూడకూ తల్లికీ మధ్య మాత్రం పోవద్దు. పాములు పొద్దు గుంకాక వెచ్చటి బాట మీదికి వస్తాయి, రక్తపింజర ఎండుటాకుల్లో కనిపించదు, అందుకే చీకట్లో దిగి గడ్డిలో నిలబడి పంచర్ వేయకండి, నడిపించుకుంటూ ఊళ్లోకి రండి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏమీ వద్దు, కాలు కదలకుండా పెట్టి ఆసుపత్రికి, అంతే.

అన్నిటికంటే నాకు భయం కరెంటు. బోరు మోటార్ల సర్వీసు వైర్లు గాలివానకు తెగి బాట మీద పడతాయి. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది నేరం, అయినా కడుతున్నారు. గాలివాన మర్నాడు ఏ తీగనూ దాటకండి, తాకకండి, చీకట్లో చేలకు అడ్డంపడి దగ్గర దారి అని అసలే పోకండి.

డ్యూటీకి చేరాక

చేరగానే బట్టలు మార్చకండి. పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుంటే చెమట ఆగుతుంది, అప్పుడు తడి తువ్వాలతో తుడుచుకొని మార్చుకోండి, లేకపోతే కొత్త చొక్కా కూడా తడుస్తుంది. సైకిల్ నీడలో పెట్టండి. నల్ల టైరు మే నెల ఎండలో ఉంటే పాత ప్యాచ్ అంచులు లేస్తాయి.

నెలకో ఆదివారం

చైనును ఎండు గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె, పావుగంట ఆగి పైన ఉన్నదంతా మళ్లీ తుడిచేయాలి. గ్రీజు పూయొద్దు, కట్ట మీద దుమ్మంతా దానికి అంటి గరుకు కాగితంలా తయారై పళ్లను తినేస్తుంది. ఇంజన్ నుంచి తీసిన నల్ల నూనె ఊరికే వస్తుందని పోస్తారు, అందులో ఇనుప రజను ఉంటుంది. ఎండాకాలం కుట్టు మిషను నూనె చాలు, వానాకాలం అది కడిగినట్టు పోతుంది, మోటారు సైకిల్ చైను నూనె వాడండి.

చైను అరిగిందో లేదో స్కేలుతో చూడొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 12 అంగుళాలు కొలిస్తే సరిగ్గా ఇంకో పిన్ను మధ్యకు రావాలి. ఆ పిన్ను ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి ఉంటే చైను మార్చండి. మూడు మిల్లీమీటర్లు దాటే దాకా ఆగితే చైనుతో పాటు ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రం) కూడా పోతుంది, ఖర్చు డబుల్. బ్రేకు రబ్బర్లు, చక్రం నట్లు చూడండి, స్పోకులను జతలుగా నొక్కి వదులైనది ఉంటే షాపుకు పోండి. బెండు తీయడం మాత్రం నేను నేర్చుకోలేకపోయాను, ఒకసారి ప్రయత్నిస్తే చక్రం అప్పడంలా అయింది.

పోకూడని రోజులు

చెరువు మత్తడి దుంకి వాగు వంతెన మీద నీళ్లు పారుతున్న రోజు సైకిల్ వద్దు. పిక్కల లోతు నీళ్లే కదా అనిపిస్తుంది, ఆ వేగానికి సైకిల్ చక్రాలు అడ్డం తిరుగుతాయి, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనిపించదు. సాయంత్రం ఇంటికి వస్తూ ఇరుక్కుపోయే రోజులు కూడా ఉంటాయి, కాబట్టి ఇవతలి ఊళ్లో సైకిల్ ఎవరి వాకిట్లో పెట్టాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. నాకు వంతెన ఇవతల ఒక అవ్వ వాళ్ల కొట్టం ఉంది. పోయిన ఆగస్టులో రెండు రోజులు అక్కడే పెట్టి, చుట్టూ తిరిగి ఆటోలో ఇల్లు చేరాను. మూడో రోజు తీసుకోవడానికి పోతే ముందు బుట్టలో కోడి కూర్చుని ఉంది, దాని కింద రెండు గుడ్లు. "ఇంకొక రోజు ఆగరాదూ" అంది అవ్వ. ఆ రోజు కూడా ఆటోలోనే పోయాను.